తేలే ప్లాస్టిక్ వర్మ్: ఆరు వసంతాలు వాడాక నా మాట

తేలే ప్లాస్టిక్ వర్మ్ అంటే చేపలు పట్టడానికి హుక్‌కి గుచ్చే ఎర, వానపాము ఆకారంలో మెత్తటి ప్లాస్టిక్‌తో చేస్తారు. పేరు చూసి మోసపోకండి, ఇది పూర్తిగా తేలదు. ప్యాకెట్‌లోంచి తీసి ఉత్తదే నీళ్ళలో వేస్తే తేలుతుంది, నిజమే, కానీ హుక్ ఎక్కించగానే ఆ బరువుకి మెల్లగా, చాలా మెల్లగా కిందికి దిగుతుంది. మొదటి ఏడాది అది చూసి డబ్బులు దండగ అనుకుని పెట్టెలో అడుగున పడేశాను. ఇప్పుడు ఆరు వసంతాలు అయ్యాయి. లోతు తక్కువ నీళ్ళలో బాస్ చేపకి (మంచినీళ్ళలో ఉండే వేటాడే చేప) నేను ముందు తీసేది ఇదే, అదీ ఆ మెల్లగా దిగే గుణం కోసమే.

నేను వాడేది ఆరున్నర అంగుళాల సన్న వర్మ్, ఉప్పు కలపని రకం. ఉప్పు ఉన్నవి త్వరగా మునిగిపోతాయి, వాటి పని వేరు. దానికి సన్న తీగతో చేసిన 3/0 సైజు ఆఫ్‌సెట్ హుక్, అంటే దారం కట్టే కన్ను దగ్గర మెడ వంపు తిరిగినది. మొదట్లో ఒక సైజు పెద్దదైన లావు 4/0 పెట్టేవాణ్ణి, తల బరువై ముక్కు నేలకేసి దిగిపోయేది. సీసం గుండు అసలు పెట్టను. హుక్ మొన వర్మ్ ఒంట్లోనే దాక్కుని ఉంటుంది కాబట్టి నాచులోకి, మునిగిన పొదల్లోకి ధైర్యంగా విసరొచ్చు.

ఒక్క విషయంలో మాత్రం బద్ధకించొద్దు. హుక్ గుచ్చాక వర్మ్‌ని లైన్‌కి (గాలం దారానికి) వేలాడదీసి చూడండి, తిన్నగా ఉండాలి. ఎక్కడైనా కాస్త బొడిపె కట్టినా, వంకరపోయినా, లాగిన ప్రతిసారీ గిరగిరా తిరుగుతుంది, ఆ మెలికలన్నీ లైన్‌కి ఎక్కుతాయి. నేను ఇది పట్టించుకోకుండా ఒక పొద్దున్నంతా విసిరాను. తొమ్మిది గంటలకల్లా రీల్ మీంచి లైన్ చుట్టలు చుట్టలుగా లేచి పిచ్చుక గూడులా తయారైంది, కత్తిరించి పారేయడం తప్ప వేరే దారి లేకపోయింది. అప్పటి నుంచి వర్మ్‌కి పది అంగుళాల ముందు చిన్న స్వివెల్ (రెండు కొసలూ విడివిడిగా తిరిగే లోహపు కొక్కెం) కడుతున్నాను. మెలికలు పూర్తిగా పోలేదు, చాలావరకు తగ్గాయి.

లైన్ పది పౌండ్ల బరువు ఆపే మోనో, అంటే ఒంటి పోగు నైలాన్ దారం. ఫ్లోరోకార్బన్ అనే ఇంకో దారం నీళ్ళలో మునిగే రకం, అది వర్మ్‌ని కూడా కిందికి గుంజుతుంది, దీనికి పనికిరాదు.

నీళ్ళు 15 డిగ్రీల సెల్సియస్ దాటేదాకా నేను దీన్ని బయటికే తీయను. అంతకంటే చల్లగా ఉంటే చేప పైకి వచ్చి తినే ఊపులో ఉండదు. 15 నుంచి 20 మధ్య బాస్ చేపలు మోకాలి లోతు, నడుము లోతు నీళ్ళలోకి వచ్చేస్తాయి. మగది తోకతో నేలని ఊడ్చి గూడు చేస్తుంది, ఆడది గుడ్లు పెట్టి వెళ్ళిపోతే కాపలా మగదానిదే. అందరూ గుడ్ల మీదున్న చేప వెంట పడతారు గానీ నాకు బాగా కలిసొచ్చింది ఆ తర్వాతి రెండు మూడు వారాలు. అప్పుడు పిల్లలు నల్లటి మబ్బులా గుంపుగా తిరుగుతుంటాయి, తండ్రి చేప వాటి కింద ఉంటుంది, పైన ఏది కదిలినా దానికి ఒళ్ళు మండుతుంది. ఒక మాట, గుడ్లు కాసే చేప దొరికితే అప్పటికప్పుడు అక్కడే వదిలేయండి. అది పక్కకి తప్పుకుంటే చాలు, చిన్న చేపలు గుడ్ల మీద పడతాయి. కొన్నిచోట్ల ఈ కాలంలో పట్టడమే నిషేధం, ముందే కనుక్కోవాలి.

రంగు విషయానికొస్తే, ఆ బబుల్‌గమ్ గులాబీ రంగు చూసి మొదట నవ్వొచ్చింది, ఏ పురుగూ అలా ఉండదు కదా. తర్వాత అర్థమైంది, ఆ రంగు చేప కోసం కాదు, నా కోసం. బరువు లేని ఎర కదా, చేప అందుకున్నా చాలాసార్లు చేతికి ఏమీ తెలియదు. కళ్ళతోనే పట్టాలి. నీళ్ళ మీది మెరుపుని తగ్గించే పోలరైజ్డ్ కళ్ళద్దాలు పెట్టుకుని పొద పక్కకి విసిరి, రాడ్ కొనతో రెండు చిన్న జర్కులు ఇచ్చి ఆపుతాను. నీళ్ళ కింద అరడుగు లోతులో గులాబీ గీత అటోసారి ఇటోసారి తిరిగి, ఆగి, తోక కొంచెం వాల్చి దిగుతూ ఉంటుంది. ఉన్నట్టుండి ఆ గీత ఉండదు, అంతే. చప్పుడు లేదు, అల లేదు. కంగారుపడి అప్పుడే లాగితే ఖాళీ హుక్ మొహం మీదికి వస్తుంది (నాకు ఎన్నిసార్లు వచ్చిందో). వదులుగా ఉన్న లైన్ చుట్టేసి, బరువు తగిలాక పక్కకి గట్టిగా లాగాలి. అలాగని మరీ నిదానిస్తే చేప మింగేస్తుంది. హుక్ బాగా లోపలికి దిగితే పెరకొద్దు, లైన్ దగ్గరగా కత్తిరించి వదిలేయడమే మంచిది.

ఇక విసుగు పుట్టించేవి. రెండు మూడు చేపలకే తల దగ్గర చిరిగిపోతుంది. ఆ చిరుగుకి సూపర్ గ్లూ చుక్క వేస్తే ఇంకో చేపకి ఆగుతుంది. ప్యాకెట్‌లో మడతపడినవి తిన్నగా వెళ్ళవు. వేడినీళ్ళలో కాసేపు ఉంచి తీసి బల్ల మీద పరిస్తే సర్దుకుంటాయి. గులాబీవీ తెల్లవీ ఒకే అరలో పెడితే అన్నీ గులాబీ అయిపోతాయి. అన్నిటికంటే ఘోరం, రబ్బరులా సాగే రకం ఒకటుంది, అది నిజంగానే తేలుతుంది, దాన్ని మామూలు ప్లాస్టిక్ వర్మ్‌లతో కలిపి పెట్టాను. ఎండాకాలం అయ్యాక పెట్టె తెరిస్తే లోపల పాకం ముద్ద. గాలి ఉన్న రోజైతే ఈ తేలే వర్మ్‌ని మర్చిపోండి, విసిరింది ఎక్కడ పడుతుందో, లైన్ ఎటు విల్లులా వంగుతుందో ఎవరికీ తెలియదు.

చిరిగిన ముక్కల్ని మాత్రం నీళ్ళలో వేయకండి, చేపలు మింగుతాయి, అరగవు. నేను చొక్కా జేబులో వేసుకుంటాను. ఉతికేటప్పుడు తీయడం మర్చిపోయి రెండు చొక్కాలకి గులాబీ మరక అంటించాను, ఇప్పుడు చేపలకి వెళ్ళేటప్పుడు వేసుకునేవి అవే.