అమోరె ముందా, పస్సియోనె ముందా?

ఇటలీ గాయకుడు ఆండ్రియా బొచెల్లి ప్రేమపాటలు ఎక్కడ మొదలుపెట్టాలంటే నా ఓటు 2006 నాటి ఆల్బమ్ ‘అమోరె’కే. ఏడేళ్ల తర్వాత, 2013లో వచ్చిన ‘పస్సియోనె’ దానికి చెల్లెలు లాంటిది. రెండింటికీ నిర్మాత డేవిడ్ ఫాస్టరే.

చార్టులో చెల్లెలిది ఒక మెట్టు పైచేయి. అమెరికా ఆల్బమ్‌ల చార్టు బిల్‌బోర్డ్ 200లో ‘అమోరె’ 3వ స్థానంలో అడుగుపెడితే, ‘పస్సియోనె’ 2వ స్థానంలో దిగింది. ‘అమోరె’లోని ‘బికాజ్ వి బిలీవ్’ను ఆయన 2006లోనే ఇటలీలోని ట్యూరిన్ శీతాకాల ఒలింపిక్స్ ముగింపు వేడుకలో పాడారు.

నన్ను కట్టిపడేసేది మాత్రం ‘అమోరె’లోని ‘బేసమే ముచో’ పాట. ఆపెరా గొంతు కదా, గోడలు అదిరేలా పాడతారనుకుంటాం. ఆయనేమో చెవి దగ్గరకొచ్చి చెప్పుకున్నట్టు మొదలుపెడతారు. ఆ గొంతు దాచుకున్న బలం మనకు తెలుస్తూనే ఉంటుంది. మన లలిత సంగీతం వింటూ పెరిగినవాళ్లకు ఈ నెమ్మది వెంటనే పట్టేస్తుంది.

‘పస్సియోనె’లో జెన్నిఫర్ లోపెజ్, నెల్లీ ఫర్టాడో తోడు పాడారు. బాగుంటాయి, కానీ కాస్త నునుపెక్కువ. 1963లోనే కన్నుమూసిన ఫ్రెంచ్ గాయని ఎడిత్ పియాఫ్ పాత రికార్డింగుతో కలిపిన ‘లా వి ఆన్ రోజ్’ వేరే సంగతి. ఆమె గరుకు గొంతు పక్కన ఈయన మెత్తదనం వింటే ఒళ్లు జలదరిస్తుంది. ఆ ఒక్క పాట కోసమైనా ‘పస్సియోనె’ కొనొచ్చు.