బిందెలకు పాలిష్ పెట్టే చాచా చేతిలో మా పద్మిని బీడింగ్

మా నాన్న 1986లో కొన్న ప్రీమియర్ పద్మిని కారు ఇప్పుడు నా దగ్గరుంది. ఇంజిన్‌కు ఢోకా లేదు. బాధంతా పక్కలకుండే అల్యూమినియం బీడింగ్‌తోనే, అంటే అందానికి బిగించిన సన్నటి పట్టీలతోనే. మసకబారిందని గిన్నెలు తోమే స్టీల్ పీచుతో నేనే రుద్దాను. మెరవలేదు సరికదా, నిండా వెంట్రుకల్లాంటి గీతలు పడ్డాయి. ఒక కార్ల షెడ్డులో అడిగితే వెండి రంగు కొట్టించుకోమన్నారు. అలా చేస్తే నాన్న ఫొటోలోంచే తిడతాడు.

చివరికి మహబూబ్‌నగర్ క్లాక్ టవర్ దగ్గరి సందులో, ఇత్తడి బిందెలకు పాలిష్ పెట్టే చిన్న షాపుకు పోయాను. చాచా బీడింగ్ చూసి, పక్క ఎలక్ట్రీషియన్ దగ్గర, కరెంటు పారితే బీప్ మనే మీటర్ తెప్పించాడు. రెండు పిన్నులు నున్నటి చోట పెడితే చప్పుడు లేదు. లోతు గీతలో పెడితే బీప్ మంది.

"పైన పొర ఉంది బిడ్డా. అది తియ్యకుంట చక్రం మీద పెడితే పాలిష్ సబ్బు ఖర్చే, మెరుపు రాదు."

ఆ పొరే అనోడైజింగ్. ఫ్యాక్టరీలో కరెంటు పెట్టి పెంచిన ఆక్సైడ్. అల్యూమినియం కన్నా గట్టిది, కరెంటు పోనివ్వదు.

ప్లాస్టిక్ టబ్బులో నీళ్లు పోసి, రబ్బరు గ్లౌజులు వేసుకుని, కాస్టిక్ సోడా కొద్దికొద్దిగా కలిపాడు. బీడింగ్ ముంచగానే సోడా సీసా విప్పినట్టు బుడగలు. లోహం నల్లబడింది. చాచా గడియారం వంక చూస్తూనే ఉన్నాడు, ఎక్కువసేపు ఉంచితే అల్యూమినియమే కరుగుతుంది కాబట్టి. కడిగాక 400 నంబరు వాటర్ పేపర్‌ (గరుకు కాగితం)తో మొదలుపెట్టి 600, 1000, 1500 దాకా తడిపి రుద్దాడు. పేపర్ మార్చినప్పుడల్లా అడ్డంగా రుద్దుతాడు, ముందు పేపర్ గీతలు పోయాయో లేదో తెలియడానికి. ఆ తర్వాత గుడ్డ చక్రం మీద ముదురు సబ్బు, తెల్ల సబ్బు. ఇప్పుడు అందులో మొహం చూసుకోవచ్చు.

లోపాలూ చెప్పాలి. రెండు రోజులన్నాడు, తొమ్మిది రోజులు పట్టింది. ఒక ముక్క కొస చక్రానికి చిక్కి వంగింది. చెక్క సుత్తితో సరిచేశాడు గానీ సాయంత్రం ఎండలో అల కనిపిస్తుంది. దానికి 200 తగ్గించి, ఎనిమిది ముక్కలకు 2,200 తీసుకున్నాడు. మళ్లీ అనోడైజింగ్ చెయ్యడు కాబట్టి రెండు నెలలకోసారి మైనం పాలిష్ మనమే పెట్టుకోవాలి. బద్ధకస్తులకు ఈ పని వద్దు. బంపర్ కూడా ఇస్తానంటే వద్దన్నాడు, క్రోమ్ ప్లేటింగ్ లేచిపోతదని. ఆ మాటతోనే నాకు నమ్మకం కుదిరింది.

బీడింగ్ విప్పి తీసుకెళ్లండి, బండి మీద ఉండగా ముట్టుకోడు. క్లిప్పులు ఇంట్లోనే దాచుకోండి, నావి రెండు అక్కడే పోయాయి. శుక్రవారం మధ్యాహ్నం షాపు మూసి ఉంటుంది.