పదేళ్లు దాటిన లా రెజర్వ్ ఎలా ఉంది?

బెంగళూరులో ఉంటూ పాత వైన్ అంటే ఏమిటో తెలుసుకోవాలంటే వేలకు వేలు పోసి ఫ్రెంచి సీసా కొననక్కర్లేదు. గ్రోవర్ జాంపా వాళ్ల లా రెజర్వ్ రెడ్ తెచ్చుకుని, చల్లటి చోట పడుకోబెట్టి, ఓపిక పట్టగలిగితే చాలు. 2013 పంటతో చేసిన సీసానీ ఈమధ్య కొన్న కొత్త సీసానీ పక్కపక్కన పెట్టుకుని తాగి ఈ మాట రాస్తున్నాను. లండన్‌లో ఉండే మా అన్నయ్య, అంటే పెదనాన్నగారి అబ్బాయి, తెచ్చిన 1996 బోర్డో, అంటే ఫ్రాన్స్‌లోని బోర్డో ప్రాంతపు రెడ్ వైన్, కూడా అదే బల్ల మీద ఉంది. కాబట్టి పోలిక మెత్తటిదేం కాదు.

లా రెజర్వ్ మన పక్క ఊరి వైన్. కన్వల్ గ్రోవర్ 1980ల్లో ఫ్రెంచి ద్రాక్ష రకాలు తెప్పించి, అవి ఎక్కడ బాగా పండుతాయో పరీక్షించి, చివరికి నంది కొండల కింద దొడ్డబళ్లాపుర దగ్గర తోట వేశారు. సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తు, పగలు ఎండ, రాత్రి చల్లదనం. బోర్డోలో వైన్ తయారీ నిపుణుడిగా పెద్ద పేరున్న మిషెల్ రోలాన్ 1990ల్లోనే వీళ్లకు సలహాదారుగా వచ్చారు. లా రెజర్వ్‌లో కాబెర్నే సావిన్యోన్, షిరాజ్ అనే రెండు ద్రాక్ష రకాలు కలుస్తాయి. ఫ్రెంచి ఓక్ పీపాల్లో నానాకే సీసాలోకి వస్తుంది. సంతలో దొరికే బెంగళూరు బ్లూ ద్రాక్షతో దీనికి ఏ సంబంధం లేదు. అది జ్యూసుకీ, తియ్యటి పోర్ట్ వైన్‌కీ పోయే రకం.

మన దగ్గర ద్రాక్ష తీగ చలికి ఆకు రాల్చి నిద్రపోదు. అందుకని ఏడాదికి రెండుసార్లు కత్తిరిస్తారు, ఒక్క కాపే తీసుకుంటారు. వానలు తగ్గాక కత్తిరిస్తే వచ్చే కాపు ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ లోపల కోతకొస్తుంది. అంటే ఎండ ముదిరే కొద్దీ పండు పండుతుంది. తీపి గబగబా పెరుగుతుంది, పులుపు అంతే వేగంగా పడిపోతుంది. వైన్ ఏళ్ల తరబడి నిలవాలంటే పులుపు, వగరు రెండూ కావాలి. మన రెడ్ వైన్లు పదేళ్లు ఆగవని చాలామంది తేల్చేయడానికి కారణం ఇదే. నేను ఈ సీసా దాచింది కూడా ఆ మాట నిజమో కాదో చూద్దామనే.

ముందు కొత్తది. ఏప్రిల్ మధ్యాహ్నం మా హాల్లో 30 డిగ్రీలు దాటుతుంది. ఆ వేడిలో రెడ్ వైన్ పోస్తే ముక్కుకు స్పిరిట్ వాసన తప్ప ఇంకేదీ అందదు. రెడ్ వైన్ గది వేడిలోనే తాగాలన్న సలహా చలి దేశాల పాత ఇళ్లలో పుట్టింది. అక్కడ గది అంటే 16, 18 డిగ్రీలు. మనం మొహమాటం లేకుండా అరగంట ఫ్రిజ్‌లో పెట్టి తీయాలి. గ్లాసు వంచి తెల్ల కాగితం మీద పట్టుకుంటే అంచు దాకా ఊదా రంగే. వాసనలో మొదట నేరేడు పండు, దాని వెనక కాస్త పచ్చి క్యాప్సికం. ఆ క్యాప్సికం తప్పు కాదు, కాబెర్నే గుణం. షిరాజ్ నుంచి మిరియాలు, ఓక్ నుంచి లవంగం, వెనిలా. నోట్లో పోసుకోగానే చిగుళ్లకు వగరు పట్టేస్తుంది, పచ్చి వక్క నమిలినట్టు. పండు, చెక్క, వగరు మూడూ ఉన్నాయి కానీ ఇంకా దేని దారి దానిదే. మంచి వైనే. ఇవాళే తాగాలంటే గంట ముందు జగ్గులో పోసి గాలి తగలనివ్వండి.

2013 సీసాను చిన్న వైన్ ఫ్రిజ్‌లో 13 డిగ్రీల దగ్గర పడుకోబెట్టి ఉంచాను. లోపలి నలక అడుక్కి దిగాలని తెరిచే ముందు రోజే నిలబెట్టాను. పాత కార్క్‌లోకి మామూలు స్క్రూ దించితే ముక్కలైపోతుంది. రెండు పలచని రేకులుండే ఓపెనర్‌ను కార్క్‌కూ గాజుకూ మధ్య అటూ ఇటూ ఊపుతూ దించి, తిప్పుతూ లాగాను. కార్క్ నిండుగా వచ్చింది. కింది అంచు మాత్రమే ఎర్రగా తడిసింది, పక్కల పొడి. అంటే లోపలికి గాలి పోలేదన్నమాట. ఫోన్ టార్చి సీసా మెడ కింద పెట్టి, ఆపకుండా నెమ్మదిగా జగ్గులోకి వంచాను. చివర్లో ముదురు ఎరుపు నలక ఒకటి భుజం దగ్గరికి జారింది. అక్కడితో ఆపేశాను. అడుగున మిగిలింది ఓ రెండు మూడు గుటకలు. ఆ నలక చూసి పాడైందనుకోకండి. ఏళ్లు గడిచేకొద్దీ వగరునిచ్చే టానిన్లు, రంగు పదార్థాలు ఒకదానితో ఒకటి అతుక్కుని బరువెక్కి అడుక్కి దిగుతాయి. వైన్ రంగు పలచబడేది, వగరు మెత్తబడేది అందుకే.

గ్లాసులో నడిమి భాగం ఇంకా ఎరుపే, అంచు మాత్రం ఇటుక రంగులోకి తిరిగింది. పోసిన వెంటనే పెద్దగా వాసన లేదు. కాస్త మూసిపెట్టిన గది వాసన, అంతే. తిప్పుతూ కూర్చున్నాం. పావుగంటకు ఎండు ఖర్జూరం వచ్చింది, తర్వాత చుట్ట పొగాకు, దేవదారు చెక్క, ఆ తర్వాత మొదటి వాన పడ్డ నేల. నేరేడు పోయింది, దాని బదులు ఎండిన పండు. క్యాప్సికం ఆనవాలే లేదు. నోట్లో వగరు ఉంది కానీ ఇప్పుడది చిగుళ్లను పట్టుకోదు, నాలుక మీదుగా పలచగా జారిపోతుంది. నేను భయపడ్డది పులుపు గురించి. అది నిలిచింది, నాలుక అంచుల్లో నీరూరేంత నిలిచింది. నాకు పట్టరాని సంతోషమేసింది. ముప్పావు గంట దాకా పెరుగుతూనే ఉంది, ఆ తర్వాత దిగడం మొదలుపెట్టింది. గంటన్నర దాటాక గ్లాసులో మిగిలినదాంట్లో పులుపూ ఆల్కహాలూ తప్ప ఏమీ లేదు. కాబట్టి ఈ వయసు సీసాను తెరిచి సాయంత్రమంతా సాగదీయకూడదు. జగ్గులో కూడా ఎక్కువసేపు ఉంచొద్దు.

ఇక అన్నయ్య తెచ్చిన 1996 బోర్డో, షాటో గ్రువో లరోజ్. షాటో అంటే సొంత ద్రాక్షతో వైన్ చేసే ఎస్టేట్. బోర్డోలో సెయింట్ జూలియన్ ఊరిది, బోర్డో షాటోలను శ్రేణులుగా విడదీసిన 1855 వర్గీకరణలో రెండో శ్రేణి. ఆ ఊరుండే మెడాక్ ప్రాంతంలో కాబెర్నేకు బాగా కలిసొచ్చిన ఏడాది అది. దీనిలోనూ అదే దేవదారు, అదే పొగాకు. ఇంకా తోలు, పెన్సిల్ చెక్కినప్పటి వాసన, అడుగున కొద్దిగా పశువుల పాక వాసన. తేడా ఎక్కడంటే గుటక వేశాక. 2013 లా రెజర్వ్ రుచి కాసేపు నిలిచి హుందాగా తప్పుకుంటుంది. గ్రువో లరోజ్ మింగిన తర్వాత కూడా నోట్లో మారుతూ ఉంటుంది, ఒకటి పోయి ఇంకొకటి వస్తుంది. మాట్లాడుతున్న అన్నయ్య మధ్యలో ఆగిపోయి, "ఇంకా ఉంది చూడు" అన్నాడు. ఆ నిడివిని లా రెజర్వ్ అందుకోలేదు, అందుకుందని రాస్తే అబద్ధమవుతుంది. కానీ రెండింటి మధ్య బంధుత్వం తెలుస్తుంది. దిగుమతి వైన్ మీద ఏళ్ల తరబడి 150 శాతం కస్టమ్స్ సుంకం వేసిన దేశంలో, నేను కొన్నప్పుడు రెండు వేల లోపే పడిన సీసా ఇంత దగ్గరికి రావడం నా దృష్టిలో చాలా పెద్ద విషయం.

తిండి సంగతి ఒక్క మాట. వదిన గోంగూర మటన్ వండింది. గోంగూర పులుపు ముందు ఏ వైన్ అయినా చప్పబడుతుంది, మిరపకారం వగరునూ ఆల్కహాల్ మంటనూ రెచ్చగొడుతుంది. కొత్త సీసా ఎలాగో తట్టుకుంది. పాత దానితో ఒక ముద్ద తిని, "అమ్మాయ్, దీనికి మన కూర పడట్లేదు, అన్నంలోకి తర్వాత తిందాం" అని వదినే గిన్నె పక్కన పెట్టింది. నెయ్యిలో వేయించి ఉప్పూ మిరియాలూ చల్లిన పుట్టగొడుగులు మాత్రం 2013తో అద్భుతంగా కుదిరాయి. పుట్టగొడుగులోని మట్టి వాసన, వైన్‌లోని మట్టి వాసన కలిసిపోయాయి.

ఈ వరసలో ఇంకో పాత సీసా ఉండాల్సింది. పోయినసారి వచ్చినప్పుడు అన్నయ్య నగరంలోని ఓ పెద్ద షాపులో 2005 బోర్డో కొన్నాడు. రేకు విప్పేసరికి కార్క్ మూతి పైకి ఉబ్బి ఉంది, దాని చుట్టూ జిగురు. సీసాలో వైన్ మెడ వదిలి భుజం దాకా దిగిపోయింది. గ్లాసులో పోస్తే టీ రంగు, ఉడికిన కిస్‌మిస్ వాసన, దాని మీద వెనిగర్. తిరిగి పట్టుకెళ్తే కౌంటర్‌లో మనిషి, "పాతది కదా సార్, అలాగే ఉంటుంది" అన్నాడట. నాకు ఇప్పటికీ కోపమే. పాతది అలా ఉండదు. ఆ షాపుకు నేనూ వెళ్లి చూశాను. ఖరీదైన సీసాలన్నీ పై అరలో నిలబెట్టి ఉన్నాయి, పక్కనే గాజు గోడ, సాయంత్రపు ఎండ నేరుగా వాటి మీదే. వేడికి వైన్ వ్యాకోచించి కార్క్‌ను పైకి తోస్తుంది, చల్లబడినప్పుడు గాలిని లోపలికి లాగుతుంది. ఏళ్లపాటు రోజూ అదే జరిగితే ఎంత గొప్ప షాటో అయినా మిగలదు. లేబుల్ మీది సంవత్సరానికి డబ్బు తీసుకున్నవాళ్లు ఆ సంవత్సరాలు సీసాను ఎలా ఉంచారో కూడా చెప్పాలి కదా!

అందుకని పాత సీసా కొనేటప్పుడు రేకు మీద బొటనవేలు రాసి చూడండి, ఉబ్బు తగిలితే వద్దు. వెలుగుకు పట్టుకుని వైన్ మెడలో ఎంత దాకా ఉందో చూడండి. ఇరవై ఏళ్ల లోపు బోర్డో సీసాలో అది మెడలోనే ఉండాలి. ఎక్కడ ఉంచారో అడగండి, చూపించమనండి. తడిసిన అట్టపెట్టె వాసన మాత్రం వేరే జబ్బు. అది కార్క్ నుంచి వస్తుంది, కొత్త సీసాలోనూ రావచ్చు, దానికి బయటి నుంచి గుర్తుపట్టే ఉపాయం లేదు.

ఇంట్లో వైన్ ఫ్రిజ్ లేనివాళ్లకు మదీరా ఉంది, పోర్చుగల్‌కు చెందిన మదీరా దీవి వైన్. అన్నయ్య తెచ్చిన రెండో సీసా అదే, బ్లాండీస్ వాళ్ల పదేళ్ల బువాల్ (బువాల్ అనేది ద్రాక్ష రకం). ఓడల్లో భూమధ్యరేఖ దాటి ఇండియా దాకా వచ్చి తిరిగి వెళ్లిన పీపాల్లోని మదీరా మరింత బాగుంటోందని ఒకప్పుడు గమనించారు. అందుకే ఇప్పటికీ దాన్ని వేడిలో పెట్టే పండిస్తారు. బెంగళూరు ఎండ దాన్నేం చేస్తుంది? తెరిచాక కూడా నెలలు నిలుస్తుంది. వేయించిన జీడిపప్పు, కాచిన బెల్లం, నారింజ తొక్క వాసన, తీపి వెనకే చురుక్కుమనే పులుపు. పూతరేకులతో తాగాం. ఆ జోడీ నేను మళ్లీ మళ్లీ వడ్డిస్తాను.

లా రెజర్వ్ దాచాలనుకుంటే ఒకే ఏడాదివి మూడు కొనండి. ఒకటి ఇప్పుడు, ఒకటి ఐదేళ్లకు, ఒకటి ఎనిమిది తొమ్మిదేళ్లకు. పదేళ్లు దాటించడానికి నేను సిఫారసు చేయను. నా 2013 శిఖరం దాటి ఒకటి రెండేళ్లయిందనిపించింది. ఫ్రిజ్ లేకపోతే ఎండ తగలని గదిలో కింది అరలో, అట్టపెట్టెలో పడుకోబెట్టి రెండేళ్లలోపు తాగేయండి. వంటింట్లో గానీ, మామూలు ఫ్రిజ్ మీద గానీ పెట్టకండి. తర్వాత నేను దాచబోయేది క్రిష్మా కాబెర్నే. హైదరాబాద్‌కు చెందిన చిగురుపాటి కృష్ణప్రసాద్, ఉమ దంపతులు హంపి కొండల దగ్గర పెంచిన తోటది. హంపి ఎండలో పండిన ద్రాక్షకు పులుపు ఎన్నేళ్లు నిలుస్తుందో చూడాలని ఉంది. 2013 లా రెజర్వ్ ఇంకొకటి మిగిలింది. ఈ చలికాలం అన్నయ్యవాళ్లు రాగానే పుట్టగొడుగులు తెచ్చి తెరిచేస్తాను.