15.5 అంగుళాల వయోలా: నాలుగేళ్లు పైబడి వాయించాక

వయోలా అంటే వయొలిన్ లాగే ఉండి, కాస్త పెద్దగా, కింది శ్రుతిలో పలికే వాద్యం. పెద్దయ్యాక అది మొదలుపెట్టేవాళ్లు మొట్టమొదట అడిగేది సైజు గురించే. నా జవాబు ముందే చెప్పేస్తాను. లేబుల్ మీద అంగుళాలు చూసి కొనకండి, తీగ పొడవు కొలిచి కొనండి. నేను వాయిస్తున్నది 15.5 అంగుళాలది (మెడ కాకుండా బాడీ పొడవు). నా ఎత్తు ఐదడుగుల రెండంగుళాలు, చేతులూ ఆ ఎత్తుకు తగ్గట్టే ఉంటాయి. నలభై దాటాక మొదలుపెట్టాను. రేపు మళ్లీ కొనాల్సి వస్తే సైజు ఇదే కొంటాను. ఇదే వాద్యం కొంటానా అంటే మాత్రం అనుమానమే, ఎందుకో కింద రాస్తాను.

వయొలిన్‌కి ఈ తలనొప్పి లేదు. పెద్దవాళ్ల వయొలిన్ అంటే బాడీ 14 అంగుళాలు, కళ్లు మూసుకుని కొనేయొచ్చు. వయోలాకి అలా ఒక కొలత లేదు. 15, 15.5, 16, 16.5 అన్నీ ఫుల్ సైజు కిందే లెక్క. 17 వాయించేవాళ్లూ ఉన్నారు. వయోలా శ్రుతి వయొలిన్ కంటే ఒక పంచమం కింద ఉంటుంది కదా, ఆ కింది స్వరాలు వయొలిన్ అంత నిండుగా పలకాలంటే బాడీ ఇరవై అంగుళాలైనా ఉండాలి. అది గడ్డం కింద ఇమిడేది కాదు. ఇటలీలో వాద్యాలు చేసిన స్ట్రాడివేరి 1690లో మెడిచీ ప్రభువుల కోసం చేసిన టెనర్ వయోలా 19 అంగుళాల దాకా ఉంటుంది. పోయిన శతాబ్దంలో అమెరికాలో కార్లీన్ హచిన్స్ అనే ఆవిడ నిజంగానే ఇరవై అంగుళాలది చేసింది, దాన్ని చెల్లోలా నిలబెట్టి వాయించాలి. ఇంగ్లండ్‌లో వయోలా విద్వాంసుడు లయొనెల్ టెర్టిస్ పెద్ద గొంతూ కావాలి, మెడా మిగలాలి అని లెక్కలు వేసి 16¾ దగ్గర ఆగాడు. అంటే మనకు దొరికే వయోలాలన్నీ ఏదో ఒక రాజీ మీద చేసినవే. అందుకే ‘పెద్దది కొంటే గంభీరంగా పలుకుతుంది’ అనే మాట నాకు సగమే నిజం అనిపిస్తుంది. ఇరవైకి 15.5 ఎంత దూరమో 16 కూడా దాదాపు అంతే దూరం. ఆ అర అంగుళం కంటే పక్క చెక్కల ఎత్తు, కింది భాగం వెడల్పు, తీగలు ఆనే బ్రిడ్జినీ, లోపల నిలబెట్టే సౌండ్ పోస్టు అనే పుల్లనీ ఎలా నిలబెట్టారన్నదీ గొంతుని ఎక్కువ మారుస్తాయి.

మా చెన్నైలో మౌంట్ రోడ్డు చుట్టుపక్కల షాపుల్లో మాత్రం ఒకటే మంత్రం: “అడల్ట్ అంటే సిక్స్‌టీన్ దాన్ మేడమ్” (పదహారే అని). తప్పేమీ కాదు, వాళ్ల దగ్గర ఉన్నది అదే. 15.5 కావాలంటే తెప్పించాలి, తెప్పిస్తే కొంటామో లేదో వాళ్ల భయం వాళ్లది. మా మాస్టారు సినిమా రికార్డింగుల్లో దశాబ్దాలు కూర్చున్న మనిషి. ఇంట్లో తమిళమే అయినా తెలుగు పాటలకు వాయించీ వాయించీ తెలుగు బాగానే వచ్చింది. ఆయనది 16.5. తొలి పాఠాలకి అదే చేతికిచ్చేవారు. కొన్నాళ్లు చూసి, “ఇది నా చెయ్యమ్మా. నీ చెయ్యి వేరే కదా, దానికి తగ్గది వెతుకు” అన్నారు. వెతకడం ఎలాగో కూడా ఆయనే చూపించారు. నాకు ఇప్పటికీ అన్నిటికంటే పనికొస్తున్నది ఆ పాఠమే.

మెడ పైచివర తీగలు ఆనే నట్ దగ్గర నుంచి బ్రిడ్జి పైఅంచు దాకా టేపు పెట్టండి. వాయిస్తున్నప్పుడు కంపించే తీగ పొడవు అదే. మొదటి పొజిషన్‌లో, అంటే చెయ్యి నట్ పక్కనే ఉన్నప్పుడు, మొదటి వేలు (చూపుడు వేలు) ఆ పొడవులో తొమ్మిదో వంతు దగ్గర పడుతుంది, చిటికెన వేలు మూడో వంతు దగ్గర. రెండింటి మధ్య దూరం తొమ్మిదింట రెండు వంతులు. వయొలిన్ తీగ సుమారు 328 మిల్లీమీటర్లు, కాబట్టి వేళ్ల మధ్య 73. నా వయోలా 360, వేళ్ల మధ్య 80. మాస్టారిది 380, అక్కడ 84 దాటుతుంది. ఏడు, పదకొండు మిల్లీమీటర్లంటే ఎంతలే అనిపిస్తుంది. స్కేలు మీద ఎడమ చెయ్యి పెట్టి మొదటి వేలు కదలకుండా చిటికెన వేలిని అంత దూరం జరపండి, చాలు.

తర్వాత తెలిసిన సంగతి ఇంకా ముఖ్యం. అప్పుగా తెచ్చుకుని వాయించి చూసిన 16 అంగుళాల వయోలాల్లో ఒకదానికి తీగ 366, ఇంకోదానికి 375. లేబుల్ రెండింటికీ ఒకటే. మొదటిది నా 15.5కి వరసకి చెల్లెలు, చేతికి పెద్ద తేడా తెలియలేదు. రెండోది వాయించిన సాయంత్రం ఎడమ బొటనవేలి మొదట్లో నొప్పి. బ్రిడ్జి ఎక్కడ నిలబెట్టారు, మెడ ఎంత పొడవు చేశారు అన్నదాన్ని బట్టి ఇది మారుతుంది. చేసేవాళ్లు తలో రకంగా చేస్తారు. కాబట్టి ఆన్‌లైన్‌లో కొంటుంటే బాడీ సైజు కాదు, తీగ పొడవు ఎంతో మిల్లీమీటర్లలో అడగండి. చెప్పలేని అమ్మకందారు దగ్గర నేనైతే కొనను.

షాపులో చెయ్యాల్సిన పరీక్ష ఇంకోటి ఉంది. అన్నిటికంటే కింది శ్రుతిలో ఉండే సి తీగ మీద చిటికెన వేలితో జి స్వరం పట్టి, పక్కనున్న ఖాళీ జి తీగతో కలిపి కమాను నెమ్మదిగా లాగండి. శ్రుతి కలిస్తే వాద్యం మొత్తం మోగుతుంది, కలవకపోతే అల అలగా కొట్టుకుంటుంది. అన్ని తీగల్లోకీ దూరంగా ఉన్నది సి, దానికోసం మోచెయ్యి లోపలికి తిరగాలి, పైగా అన్నిటికంటే బలహీనమైన వేలు. అక్కడ చెయ్యి నిలబడితే మిగతా చోట్ల భయం లేదు. అయితే ఒకసారి పట్టి వదిలేస్తే ఏ సైజైనా బాగానే ఉంటుంది. షాపువాళ్ల కుర్చీలో కూర్చుని అరగంట ఏదో ఒకటి వాయించి, ఆఖర్న చెయ్యండి. అప్పుడు చిటికెన వేలు పెట్టగానే మొదటి వేలు దాని చోటు వదిలి పైకి జారుతోందా, బొటనవేలు మెడని పట్టకారులా నొక్కుతోందా చూడండి. ఆ రెండిట్లో ఏది జరిగినా అది మీ సైజు కాదు. ఎడమ చెయ్యి చాచి స్క్రోల్ (మెడ చివరి చుట్ట) చుట్టూ వేళ్లు వేసినప్పుడు మోచెయ్యి ఇంకా కాస్త వంగి ఉండాలన్నది మామూలుగా చెప్పే పరీక్ష. అదీ చెయ్యండి గానీ, అది భుజం దాకా చెబుతుంది, వేళ్ల సంగతి చెప్పదు.

బరువు గురించి ఎవరూ ముందు చెప్పరు. వయొలిన్ అర కేజీ లోపే. వయోలా ఆరు వందల గ్రాముల అటూ ఇటూ ఉంటుంది, గడ్డం ఆన్చే చిన్ రెస్టు, భుజం మీద ఆనే షోల్డర్ రెస్టు కలిస్తే ఇంకా పైన. కమాను కూడా బరువే, వయొలిన్‌ది 60 గ్రాములైతే దీనిది 70. కుడి చేతికి మొదటి వారంలోనే తెలుస్తుంది. ఎడమ భుజానికి మాత్రం మూడు నెలల తర్వాత తెలుస్తుంది, అప్పటికి వెనక్కిచ్చే గడువు అయిపోతుంది. నాకు భుజం నొప్పి తగ్గింది సైజు వల్ల కొంత, చిన్ రెస్టు మార్చడం వల్ల ఎక్కువ. ఎడమ పక్కకి ఉండేది తీసేసి తోకముక్క (తీగల కింది చివరలు కట్టే చెక్క) మీదుగా మధ్యకి వచ్చే రకం వేయించాను. దాంతో వాద్యం కాస్త లోపలికి జరిగింది, చెయ్యి అంత దూరం చాచే అవసరం పోయింది. 16 మీద మనసు పడినవాళ్లు కాదనుకునే ముందు ఈ మార్పు చేసి చూడాలి. ఖర్చు తక్కువ.

కర్ణాటక పద్ధతిలో కూర్చుని వాయించేవాళ్లకి నేను చెప్పిన వాటిలో సగం వర్తించదు. మంగళంపల్లి బాలమురళీకృష్ణ గారు వయోలా వాయించేవారన్నది మనవాళ్లలో చాలామందికి తెలుసు. స్క్రోల్ పాదం మీద ఆనించి కూర్చుంటే బరువు భుజం మీద ఉండదు, చెయ్యి గాలిలో వేలాడదు. అలా కూర్చుని మాస్టారి 16.5 వాయిస్తే నాకే హాయిగా అనిపించింది. మన పద్ధతిలో చాలామంది రెండు వేళ్ల జారుడు మీదే ఎక్కువ నడిపిస్తారు కాబట్టి చిటికెన వేలి సాగదీత కూడా అంత బాధించదు. కింది శ్రుతిలో పాడే మగ గొంతు పక్కన వయొలిన్ తీగలు వదులు చేసుకుని తిప్పలు పడేకంటే వయోలా ఎంతో సుఖం. వాళ్లు ధైర్యంగా 16, 16.5 చూడొచ్చు. రెండు పద్ధతులూ వాయించేవాళ్లు మాత్రం గడ్డం కింద పెట్టేదాన్ని బట్టే కొనాలి.

ఇక నా వాద్యం మీద నా ఫిర్యాదులు. ఇది చైనా వర్క్‌షాపు తయారీ, చెక్క బాగుంది, పై తీగలు రెండూ తియ్యగా పలుకుతాయి. సి తీగే మొదటి ఏడాదంతా జలుబు చేసిన గొంతులా ఉండేది. తీగలు మార్చాక సగం బాగుపడింది. స్పైరోకోర్ అనే రకంలో టంగ్‌స్టన్ చుట్టిన సి తీగ వేశాను. ఆ ఒక్క తీగ ధరకి వయొలిన్‌కి మామూలు సెట్టు వచ్చేస్తుంది, అయినా చిన్న వయోలా ఉన్నవాళ్లు పెట్టాల్సిన మొదటి ఖర్చు అదే అంటాను. టంగ్‌స్టన్ బరువైన లోహం కాబట్టి తీగ లావెక్కకుండానే కింది స్వరానికి కావలసిన బిగువు నిలుస్తుంది. ఇక్కడే ఇంకో చిక్కు. తీగల సెట్లు కూడా పొడవును బట్టి వస్తాయి. డి’అడారియో కంపెనీ తీగల్లో షార్ట్, మీడియం, లాంగ్ స్కేల్ అని విడివిడిగా ఉంటాయి. షాపులో చేతికిచ్చేది చాలాసార్లు లాంగ్. దాన్ని 360 మీద వేస్తే వదులుగా, జీవం లేకుండా ఉంటుంది, మనం వాద్యాన్ని తిట్టుకుంటాం. 15.5 బాగా పలకదన్న చెడ్డపేరు కొంత ఇలా వచ్చిందేనని నా అనుమానం.

తీగలతో పోనిది ఒకటుంది. సి తీగ మీద పై పొజిషన్లలో ఒకచోట స్వరం గొంతులో ఇరుక్కుని గురగురమంటుంది. సౌండ్ పోస్టు జరిపించాను, కాస్త పక్కకి వెళ్లింది గానీ పోలేదు. పక్క చెక్కలు ఇంకొంచెం ఎత్తుగా, కింది భాగం ఇంకొంచెం వెడల్పుగా ఉన్న 15.5 దొరికి ఉంటే సి తీగ ఇంకాస్త నిండుగా పలికేదని ఇప్పుడు అనిపిస్తుంది. పై భుజాలు మాత్రం వెడల్పు కాకూడదు. పై పొజిషన్లకి వెళ్లేటప్పుడు చెయ్యి వాటి మీదుగా దాటాలి. వెడల్పు భుజాల 15.5 కంటే సన్న భుజాల 16 సులువు.

చెన్నై ఉక్క సంగతి రాయకపోతే సమీక్ష పూర్తి కాదు. అక్టోబరు, నవంబరు వానల్లో తీగలు బిగించే పెగ్గులు ఉబ్బి బిగుసుకుపోతాయి, ఏసీ గదిలో వదిలేస్తే అవే పెగ్గులు జారిపోతాయి. ఒక వానాకాలంలో కింది అంచున అతుకు ఊడి, వాయిస్తుంటే బరబరమని చప్పుడు. ఇది రోగం కాదు. జంతువుల జిగురుతో అతికించేదే అవసరమైనప్పుడు సులువుగా విప్పుకోవడానికి, చెక్క పగిలే బదులు అతుకు వదులుతుంది. బాగు చేసేవాళ్లకిస్తే సులువుగా అతికించి ఇస్తారు. పక్కింటి వడ్రంగి ఎంత మంచివాడైనా ఫెవికాల్ పట్టుకుని దగ్గరికి రానివ్వకండి.

‘వయొలిన్‌కే వయోలా తీగలు వేస్తే పోదా’ అని అడిగేవాళ్లకి: ఆల్టో క్లెఫ్ (వయోలా స్వరాలు రాసే పద్ధతి) చదవడం నేర్చుకోవడానికి, ఈ గొంతు మీకు నచ్చుతుందో లేదో చూడటానికి కొన్ని నెలలు సరిపోతుంది. సి తీగ పలుకుతుందని మాత్రం ఆశపడొద్దు. మణికట్టుకో భుజానికో ఇంతకుముందు దెబ్బ తగిలినవాళ్లు దానికంటే 15 చూడటం నయం. ఐదడుగుల ఏడెనిమిది అంగుళాలుండి వేళ్లు పొడుగైనవాళ్లు 370 దగ్గర తీగ ఉన్న 16తో మొదలుపెట్టొచ్చు. మిగతావాళ్లు 355 నుంచి 365 లోపల వెతకండి, లేబుల్ మీద 15.5 ఉందా 16 ఉందా అన్నది తర్వాత చూసుకోవచ్చు. పెట్టె మాత్రం లోపల సైజు సర్దుకునే దీర్ఘచతురస్రం రకం తీసుకోండి. 15 నుంచి 16.5 దాకా దేనికైనా సరిపోతుంది, వాద్యం మార్చినా పెట్టె మళ్లీ కొనక్కర్లేదు.