‘కీలెక్లిక్’తో ఎస్టోనియన్ ఓనమాలు

ఎస్టోనియా రాజధాని టాలిన్‌లో ఇంగ్లీషు మాధ్యమంలో చదివే విదేశీ విద్యార్థి ఎస్టోనియన్ ఒక్క ముక్క రాకుండానే పరీక్షలు గట్టెక్కవచ్చు. కానీ ట్రాములో వినిపించే ‘యార్గ్‌మినె పేఆతుస్’ అంటే ‘తరువాతి స్టాపు’ అని తెలియకపోతే, దుకాణంలో బిల్లు వేసేవారు అడిగే ప్రతి మాటకూ తెల్లమొహం వేయవలసి వస్తే, ఊళ్లో ఉంటూనే ఊరి బయట ఉన్నట్టుంటుంది.

నేను మొదట డబ్బు కట్టి ఫోనులో ఒక యాప్‌తో నేర్చుకోవడం మొదలుపెట్టాను. బొమ్మ చూపించి దాని పేరు చెప్పించడమే దాని పద్ధతి. రెండు నెలల్లో చాలా మాటలు నోటికి వచ్చాయి గానీ వాటిని వాక్యంలో పెట్టడం రాలేదు. ఎస్టోనియన్‌లో విభక్తులు 14. ఆ యాప్ నేర్పింది ప్రథమా విభక్తి ఒక్కటే. ‘కొత్’ అంటే సంచి అని నాకు తెలుసు. అయినా దుకాణంలో బిల్లు వేసే ఆమె ‘కస్ కొత్తి సోవితె?’ అని అడిగినప్పుడు, సంచి కావాలా అంటోందని పోల్చుకోలేకపోయాను.

ఆ తరువాత కీలెక్లిక్‌లో చేరాను. ఇది ఇంగ్లీషు గానీ రష్యన్ గానీ తెలిసినవారి కోసం రూపొందించిన ఉచిత ఆన్‌లైన్ కోర్సు. ఏమీ రానివారిని ఏ2 స్థాయి దాకా, అంటే రోజువారీ చిన్న మాటలు మాట్లాడగలిగే దాకా తీసుకువెళ్తుంది. దాని పై మెట్టయిన బి1 కోసం ‘కీలెతే’ అనే మరో కోర్సు ఉంది. చిన్న వీడియోలు, సంభాషణలు, వ్యాకరణ వివరణలు, అభ్యాసాలు ఉంటాయి. నాకు అన్నిటికంటే మేలు చేసినవి వ్యాకరణ వివరణలే. ‘తుబ’ అంటే గది. షష్ఠిలో అది ‘తోఅ’ అవుతుంది. ‘గదిలో’ అనాలంటే ‘తోఅస్’, ‘గదిలోనుండి’ అనాలంటే ‘తోఅస్త్’. అంటే ప్రత్యయం చేరేది మూలపదానికి కాదు, షష్ఠీ రూపానికి. మన ‘ఇల్లు’ మొదట ‘ఇంటి’ అయ్యాకనే ‘లో’, ‘కి’, ‘నుండి’ చేరడం లాంటిదే ఇది. బడిలో ఔపవిభక్తికాలు చదువుకున్న తెలుగువారికి ఈ పాఠం ఎంతో దగ్గరగా అనిపిస్తుంది. పైగా ఈ భాషలో లింగభేదం లేదు, భవిష్యత్కాలానికి ప్రత్యేక క్రియారూపమూ లేదు.

కష్టమంతా ధ్వనిలో ఉంది. ‘లిన’ అంటే నార, ‘లిన్న’ అంటే నగరపు. అదే ‘లిన్న’ను ఇంకాస్త సాగదీసి పలికితే నగరంలోకి అని అర్థం. చివరి రెండూ రాతలో ఒకేలా ఉంటాయి. ద్విత్వాలకు అలవాటుపడిన మన చెవి మొదటి తేడాను వెంటనే పట్టుకుంటుంది, రెండవదానికి మాత్రం పదేపదే వినాలి. ఇక్కడ తెర ముందు నేర్చుకునే ఏ చదువైనా సగం దారిలోనే ఆగుతుంది. మన నోటిని సరిదిద్దడానికి ఎదురుగా మనిషి ఉండవలసిందే.

కోర్సుతోపాటు, ఎస్టోనియన్ భాషా సంస్థ 2019లో ప్రారంభించిన ‘సొనవేబ్’ నిఘంటువును తప్పక దగ్గర ఉంచుకోండి. అదీ ఉచితమే. మాట ఇస్తే దాని రూపాల పట్టిక, ఉచ్చారణ రెండూ ఇస్తుంది. కొత్త నామవాచకం ఎదురైన ప్రతిసారీ కొత్ (ప్రథమ), కొతి (షష్ఠి), కొత్తి (పాక్షిక విభక్తి) అని మూడు రూపాలనూ కలిపి రాసుకోవడం మొదటి రోజునుంచే అలవాటు చేసుకోవాలని నా గట్టి అభిప్రాయం. ‘రెండు కాఫీలు’ అనడానికి కూడా ఆ మూడవ రూపమే కావాలి: ‘కక్స్ కొహ్వి, పలున్’. సంఖ్య తరువాత బహువచనం రాదు.

మనం తడబడితే ఎదుటివారు మర్యాదకొద్దీ ఇంగ్లీషులోకి మారిపోతారు. అప్పుడు ‘పలున్ రాకిగె ఏస్తి కేలెస్’, అంటే దయచేసి ఎస్టోనియన్‌లో మాట్లాడండి అని అడగాలి. గత నెల అదే దుకాణంలో నేను ఆ మాట అన్నాక, ఆమె అదే ప్రశ్నను నెమ్మదిగా మళ్లీ అడిగింది: ‘కస్ కొత్తి సోవితె?’ వద్దు, ధన్యవాదాలు అని ఆమె భాషలోనే చెప్పి వచ్చాను.