చెన్నైలో తెల్లారి సైకిల్: మెరీనా వైపా, అడయార్ వైపా?

నెల్లూరు నుంచి మా తమ్ముడు వచ్చినప్పుడల్లా ఇదే అడుగుతాడు, ఈజీగా తొక్కేది ఏదక్కా అని. ఈజీ అంటే మాత్రం మెరీనానే, లైట్‌హౌస్ దగ్గర ఎక్కితే నేపియర్ బ్రిడ్జ్ దాకా 3 కిలోమీటర్ల పైనే కామరాజర్ సాలై అనే రోడ్డు తిన్నగా ఉంటుంది, ఎక్కడా ఎత్తు లేదు, కుడిపక్క ఇసుక, ఎడమపక్క వివేకానందర్ ఇల్లం, ప్రెసిడెన్సీ కాలేజీ, యూనివర్సిటీ ఎర్ర బిల్డింగులు. బ్రిడ్జ్ కింద కూవం నది సముద్రం వైపు పోతుంది, వాసన ఉంటుంది, అది నిజం. 2022లో చెస్ ఒలింపియాడ్‌కి ఆ బ్రిడ్జ్‌కి చదరంగం గళ్ళు వేశారు. ఏడు దాటితే బస్సులు, కార్లు, ఇక పిల్లల్ని తీసుకెళ్ళొద్దు.

నాకు మనసు లాగేది మాత్రం అడయార్ వైపున్న బెసెంట్ నగరే. ఇలియట్స్ బీచ్‌లో ఒక తెల్ల కమాను ఉంటుంది చూడండి, 1930లో మునిగిపోతున్నవాళ్ళని కాపాడబోయి చనిపోయిన డెన్మార్క్ నావికుడు కార్ల్ ష్మిట్ గుర్తుగా కట్టింది, అక్కడి నుంచి ఉత్తరంగా జాలర్ల పల్లె మీదుగా పోతే అడయార్ నది సముద్రంలో కలిసే చోటు. బ్రోకెన్ బ్రిడ్జ్ అని అందరూ అనే విరిగిన పాత వంతెన అక్కడే. చివర్లో ఇసుక, సైకిల్ దిగి నడిపించాలి, దూరం కూడా తక్కువే. అయినా నీళ్ళల్లో కొంగలు నిలబడి ఉంటే ఎంతసేపైనా చూడొచ్చు. కొత్తగా నేర్చుకునేవాళ్ళు మెరీనాకే వెళ్ళండి, నది చూడాలంటే ఇటే రండి, ఆరులోపు.