పిల్లలకు యాడ్ ఆన్ కార్డు (మన క్రెడిట్ కార్డు మీదే వాళ్లకిచ్చే ఇంకో కార్డు) తీసుకున్నవాళ్లు ఆటో డెబిట్ టిక్ ఏ గడిలో ఉందో ఇవాళే చూసుకోండి

నిన్న సాయంత్రం ఆర్‌డీ తెంపి కార్డు బాకీ 61,340 రూపాయలు కట్టి వచ్చాను. కోపం ఇంకా దిగలేదు, రాతలో తప్పులుంటే సర్దుకోండి. బ్యాంకు పేరు రాయను. స్కూలు స్కూలుకీ తిరిగి, స్టాఫ్ రూముల్లో కూర్చుని మన జీతం ఖాతాలు మార్పించినవాళ్లే. ఖమ్మం టీచర్లకు ఇంతకంటే చెప్పక్కర్లేదు.

మావాడు ఇంజినీరింగ్ రెండో ఏడు, హైదరాబాద్‌లో హాస్టల్. జూన్‌లో స్కూళ్లు తెరిచిన వారంలోనే ఆ బ్యాంకు అమ్మాయి వచ్చింది. "బాబుకి పద్దెనిమిది నిండాయి కదా మేడమ్, మీ కార్డు మీద యాడ్ ఆన్ తీసుకోండి. పదివేలకి లిమిట్ కట్టేస్తాను. ఇప్పటినుంచే క్రెడిట్ కార్డు పద్ధతిగా వాడటం నేర్చుకుంటాడు" అంది. నేర్చుకుంటాడు అనే మాట వినిపిస్తే చాలు, ముప్పై ఏళ్ల టీచరు ఉద్యోగం నన్ను ముందుకు తోసేస్తుంది. నాలుగు పేజీల ఫారం. లంచ్ అయిపోవస్తోంది. ఆమె పెన్సిల్‌తో ఇంటూ గుర్తు పెట్టిన చోటల్లా సంతకాలు గీకి ఎనిమిదో తరగతికి పరుగెత్తాను. ఆ క్లాసులో నేను చెప్పేదేమిటో తెలుసా? చక్రవడ్డీ.

జూలైలో నా ఖాతాలోంచి 920 రూపాయలు కట్ అయ్యాయి. ఆగస్టులో 1,575. తర్వాత 2,120, ఆ తర్వాత 2,558. బిల్లంతా ఆటో డెబిట్‌లో పోతోంది, మావాడు బంగారం అనుకున్నాను. అనుకుని ఊరుకున్నానా? మా వదినకి ఫోన్ చేసి మరీ చెప్పాను, "చేతిలో కార్డు ఉన్నా నెలకి రెండు వేలు దాటనివ్వడు వదినా" అని. ఇప్పుడావిడకి మొహం ఎలా చూపించాలో తెలీదు.

బిల్లు మెసేజ్‌లు రాలేదా అంటే వచ్చాయి. మొత్తం ఇంత, మినిమమ్ ఇంత అని తేదీతో సహా ఉన్నాయి. ప్రీ అప్రూవ్డ్ లోన్ అంటూ రోజుకి నాలుగు మెసేజ్‌లు పంపే చోటు నుంచి ఇంకోటి వస్తే ఎవరు తెరుస్తారు? నేను తెరవలేదు. అబ్బాయి కొన్నప్పుడల్లా వచ్చే మెసేజ్‌లేమో వాడి నంబరుకే పోయాయి. ఫారంలో వాడి నంబరే రాసుకుంది మరి.

మొన్న శనివారం వైరా రోడ్డులో వాషింగ్ మెషీన్ కొనడానికి వెళ్లాం. 24,000. కార్డు గీకితే డిక్లైన్. మళ్లీ గీకారు, మళ్లీ డిక్లైన్. వెనకాల లైన్లో మా స్కూలు పిల్లాడి తండ్రి నిలబడి ఉన్నాడు. పక్కకొచ్చి యాప్ తెరిస్తే 75,000 లిమిట్‌లో మిగిలింది 13,660.

అక్కడినుంచే మావాడికి ఫోన్ చేశాను. అరిచాను. వాడు చెప్పింది విన్నాక అరవడానికి కూడా ఏం మిగల్లేదు. "నువ్వు కడుతున్నావనే అనుకున్నానమ్మా. ప్రతి నెలా 'పేమెంట్ అందింది, థాంక్యూ' అని వస్తోంది కదా." వాడు ఆ థాంక్యూ చూసి ధైర్యంగా ఉన్నాడు, నేను పాస్‌బుక్ చూసి ధైర్యంగా ఉన్నాను. వాడి తప్పు లేదనను. బూట్లు, ఇయర్‌ఫోన్లు, రాత్రి పన్నెండింటికి బిర్యానీలు. రూములో వాళ్లకి ఆఫరుందంటే వీడు కార్డు గీకడం, వాళ్లు ఫోన్‌లో డబ్బు వేస్తే అదీ ఖర్చు పెట్టేయడం. అది మేమూ మేమూ తేల్చుకుంటాం.

సోమవారం సెలవు పెట్టి బ్రాంచికి వెళ్లాను. ఆ అమ్మాయి నవ్వుతూనే కూర్చోమంది. నా ఫారం చూపించమన్నాను. అరగంట తర్వాత స్కాన్ కాపీ తెరిచి కంప్యూటర్ నావైపు తిప్పింది. మూడో పేజీ అడుగున రెండు గళ్లు. ఒకటి టోటల్ అమౌంట్ డ్యూ, అంటే బిల్లు మొత్తం. రెండోది మినిమమ్ అమౌంట్ డ్యూ, అంటే బిల్లులో కనీసం కట్టాల్సిన చిన్న ముక్క. టిక్ రెండోదాంట్లో. కింద నా సంతకం నీలం ఇంకు. టిక్ నలుపు.

"ఈ టిక్ నేను పెట్టలేదమ్మా" అన్నాను.

"వివరాలన్నీ మేమే నింపుతాం మేడమ్, మీకు శ్రమ లేకుండా. సంతకం మీదే కదా."

"పదివేలకి లిమిట్ కడతానన్నావు. మొదటి నెలే 18,400 ఎట్లా అయింది?"

"అది యాప్‌లో మీరే పెట్టుకోవాలి మేడమ్. నేను కడతానని ఎక్కడైనా రాసుందా?"

నా గొంతు కొంచెం పెరిగింది, నిజమే. అప్పుడు ఆ పిల్ల పక్క కౌంటర్ వాళ్లకి కూడా వినపడేలా అంది: "మ్యాథ్స్ టీచర్ కదా మేడమ్ మీరు. హాస్టల్ అబ్బాయి ఖర్చు నెలకి తొమ్మిది వందల ఇరవైలో ఎలా సరిపోయిందని ఒక్కసారి కూడా లెక్క వేసుకోలేదా?"

టోకెన్ పట్టుకుని కూర్చున్న ఒకాయన కిసుక్కున నవ్వాడు. నా దగ్గర జవాబు లేదు. అందుకే ఇంకా మండుతోంది. జూన్‌లో మా స్టాఫ్ రూములో టీ తాగి, "మీలాంటి అమ్మ ఉండటం బాబు అదృష్టం మేడమ్" అన్న నోరే అది. ఆ వెంటనే, ఏమీ జరగనట్టు, "కంగారేం లేదు, పన్నెండు నెలల ఈఎంఐ చేసేద్దామా?" అని అడిగింది. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకి నిప్పడిగినట్టు.

ఇంటికొచ్చి స్టేట్‌మెంట్లు వరసగా పెట్టుకుని, ఆవిడ చెప్పిన ఆ లెక్కే వేశాను. వడ్డీ నెలకి మూడున్నర శాతం. మన భాషలో మూడున్నర రూపాయల వడ్డీ. ఊళ్లో ఎవరైనా ఆ వడ్డీకి తిప్పితే పీక్కు తింటున్నాడని తిడతాం, పాపం వాడు దాని మీద 18 శాతం జీఎస్టీ కూడా వెయ్యడు. ఒక నెల బిల్లు పూర్తిగా కట్టకపోతే కొన్నాక నలభై అయిదు రోజుల దాకా వడ్డీ లేదని కార్డువాళ్లు చెప్పే ముచ్చట అక్కడితో పోతుంది. తర్వాత కొన్న 289 రూపాయల బిర్యానీకి కూడా కొన్న రోజు నుంచే వడ్డీ. నాలుగు నెలల్లో వడ్డీ, జీఎస్టీ కలిపి ఆరు వేల అయిదు వందల పైన. మినిమమ్ కడితే లేటు ఫీజు పడదు, అంతే. అసలు కొండలాగా అక్కడే ఉంటుంది. ఇది మావాడికి నేను చెప్పాల్సిన పాఠం. నాకే తెలిస్తే కదా చెప్పడానికి.

కార్డు మూసేయమంటే నెల పడుతుందన్నారు. అబద్ధం. బాకీ లేకపోతే ఏడు పని దినాల్లో మూసేయాలని, ఆలస్యమైతే రోజుకి 500 రూపాయలు మనకే ఇవ్వాలని ఆర్‌బీఐ 2022లోనే చెప్పింది. మెయిల్‌లో రాసి పంపాను, ఇవాళ ఒకటో రోజు. టిక్ సంగతి మీద ఫిర్యాదు వేరే ఇచ్చాను. ముప్పై రోజుల్లో తేల్చకపోతే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్ (బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే అధికారి) దగ్గరికి వెళ్తా. డబ్బు వెనక్కొస్తుందన్న ఆశ లేదు. యాడ్ ఆన్ ఎవరు గీకినా బాకీ మెయిన్ కార్డు వాళ్లదే, ఆ మాట ఫారంలో బాగానే రాసుంది.

పిల్లలకి ఇచ్చేవాళ్లుంటే యాప్‌లో లిమిట్ మీ చేత్తో మీరే పెట్టండి, మెసేజ్‌లు మీ నంబరుకి వచ్చేలా చూసుకోండి, నెలకోసారి బిల్లు వాడి చేతే చదివించుకోండి. లేకపోతే మూడు వేలు వేసిన డెబిట్ కార్డు చాలు.

అన్నట్టు, ఆ రోజు మా స్టాఫ్ రూములో ఇంకో ముగ్గురు సంతకాలు పెట్టారు. ఇద్దరివి ఇవాళ లంచ్‌లో యాప్ తెరిచి చూశాం. రెండూ మినిమమే. మూడో మేడమ్ సెలవులో ఉంది, ఫోన్ తీయడం లేదు. మధిర వైపు వాళ్లెవరైనా ఉంటే నాకు మెసేజ్ చేయండి, ఎవరో చెప్తాను, ఇంటికెళ్లి చెప్పాలి. ఆవిడది అయిదో తారీకున కట్ అవుతుంది.